'అట' రాలిన ఆప్తవాక్యం

తార్నాక అన్న పేరులో 'తార్' అనగా తీగ. 'నాకా' అనగా కాపలావాడు నిలిచి రాకపోకలను పరిశీలించే చోటు. పూర్వం ఇక్కడ ఒక తీగకంచె, దాని ప్రక్కన ఒక నాకా ఉండేవట. ఈ వాక్యాన్ని 'ఉండేవి' అని ముగించక 'ఉండేవట' అని ముగించడంలో ఒక ధర్మం ఉన్నది. ఆ కంచెను నేను చూడలేదు. చూచినవారిని కూడ చూడలేదు. నాకు చెప్పినవారికి మరెవరో చెప్పారు. ఈ వృత్తాంతం మొత్తాన్ని తెలుగుభాష ఒక్క ప్రత్యయంలో ఇముడ్చుకొన్నది. సంస్కృతంలో 'కిల' అన్న అవ్యయం ఈ పని చేస్తుంది. దానికి వార్త అన్న అర్థాన్ని అమరసింహుడు చెప్పాడు. కాని 'కిల' లేకపోయినా సంస్కృతవాక్యానికి లోటు తోచదు. మన 'అట' అలా కాదు. చూడనిదాన్ని చూచినట్లు చెప్పినవాణ్ణి "నువ్వు చూశావా?" అని చిన్నపిల్లవాడు సైతం నిలదీస్తాడు. కోస్తాలో 'వచ్చాడట', తెలంగాణలో 'వచ్చిండంట'. రూపం వేరైనా తాత్పర్యం ఒకటే: ఈ మాటకు నేను వాహకుణ్ణి, సాక్షిని కాను.

మనుష్యుడు నలుగురిలో కూర్చున్నప్పుడు ఒక రీతిగా, ఫోను పట్టుకొన్నప్పుడు మరొక రీతిగా ప్రవర్తిస్తాడని అందరూ అంటూనే ఉన్నారు. ఆ భేదానికి కారణమేమని అడిగితే లజ్జ తగ్గడమనీ, తొందర పెరగడమనీ, ముఖం కనబడకపోవడమనీ అనేక సమాధానాలు వినిపిస్తాయి. అన్నిటిలోనూ కొంత సత్యం ఉన్నది. నాకు మాత్రం మూలభేదం ఈ చిన్న ప్రత్యయంలో ఉన్నట్లు తోస్తుంది. వీథిలో పుట్టిన మాట ఫోనులోనికి ఎక్కేటప్పుడు మొట్టమొదట రాలిపోయేది 'అట'యే.

శాస్త్రదృష్టితో చూద్దాం. నైయాయికులకు శబ్దం ఒక స్వతంత్రప్రమాణం. అయితే అది ఆప్తుని నోటినుండి వెలువడినదై ఉండాలి. ఆప్తుడెవరు? వాత్స్యాయనుడు న్యాయభాష్యంలో చెప్పిన లక్షణం ఎంత సూక్ష్మమైనదో గమనించండి. విషయాన్ని తాను సాక్షాత్కరించుకొన్నవాడై ఉండాలి. ఎలా తెలుసుకొన్నాడో అలాగే ఇతరులకు తెలుపవలెనన్న ఇచ్ఛ ఉండాలి. ఆ ఇచ్ఛచేత ప్రేరితుడై మాట్లాడినవాడై ఉండాలి. అంతే. బంధువై ఉండాలని గాని, వయోవృద్ధుడై ఉండాలని గాని, మన కులంవాడో మన మతంవాడో అయి ఉండాలని గాని లేదు. ఈ లక్షణం ఋషికీ, ఆర్యునికీ, మ్లేచ్ఛునికీ సమానమేనని భాష్యకారుడు స్పష్టంగా చెప్పాడు. తర్కసంగ్రహం వ్రాసిన అన్నంభట్టు మన తెలుగువాడు. ఆయన దీనినంతటినీ కుదించి, ఉన్నది ఉన్నట్లు చెప్పేవాడే ఆప్తుడని తేల్చాడు.

ఇక తెలుగులో ఈ పదానికి పట్టిన గతి చూడండి. 'ఆప్తులు' అనగానే మనకు యథార్థవక్తలు స్ఫురించరు, దగ్గరివారు స్ఫురిస్తారు. 'ఆప్తమిత్రుడు', 'బంధువులు, ఆప్తులు' అని పెళ్లిపత్రికలో అచ్చువేస్తాం. ప్రమాణశాస్త్రంలోని పదం స్నేహశాస్త్రంలోనికి జారిపోయింది. ఇందులో దోషమేమీ లేదు. దగ్గరివాడు మనకు అబద్ధం చెప్పడన్న లోకానుభవం నుండియే ఈ అర్థం పుట్టి ఉంటుంది. కాని రెండర్థాలనూ ఒకటిగా భ్రమించే మనస్సుకు చేతిలో ఒక ఫోను దొరికితే ఏమవుతుందన్నదే ఇక్కడి విచారం. మేనమామ పంపిన సందేశం మేనమామ వాక్యం కాదు. ఆయన ఆ విషయాన్ని సాక్షాత్కరించుకోలేదు. ఆయన ఆప్తుడే, కాని పెళ్లిపత్రిక అర్థంలో మాత్రమే.

మూలవక్త ఎవరో తెలియక పరంపరగా వచ్చే మాటకు శాస్త్రంలో వేరే పేరున్నది: ఐతిహ్యం. "ఈ మర్రిచెట్టులో యక్షుడున్నాడట" అన్నది దానికి సంప్రదాయసిద్ధమైన ఉదాహరణ. పౌరాణికులు దానిని ప్రత్యేకప్రమాణంగా లెక్కించారు. నైయాయికులు అంగీకరించలేదు, వక్త ఆప్తుడని తేలితే అది శబ్దంలో చేరుతుంది, తేలకపోతే ప్రమాణమే కాదు. 2018 జూలైలో వాట్సాప్ సంస్థ ఇతరుల నుండి వచ్చి మరల పంపబడిన సందేశంపై 'ఫార్వర్డ్' అన్న గుర్తు వేయడం మొదలుపెట్టింది. తెలియకనే అది ఐతిహ్యలక్షణాన్ని ముద్రించింది. రాలిపోయిన 'అట'ను యంత్రం తిరిగి అతికించడానికి చేసిన ప్రయత్నమది. అయితే సందేశంపైన చిన్న అక్షరాలలో ఉండే ఆ గుర్తును ఎవరు చదువుతారు? 'అట' క్రియలో అంతర్భాగం. వాక్యం వినాలంటే దాన్ని వినక తప్పదు. గుర్తు వాక్యానికి వెలుపలిది.

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ప్రాతఃకాలంలో నడిచేవారిలో నేనూ ఒకణ్ణి. తార్నాక నుండి, హబ్సిగూడ నుండి, సీతాఫల్‌మండి నుండి వందలమంది వస్తారు. విశ్రాంత శాస్త్రజ్ఞులు, ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, కిరాణా వర్తకులు. చుట్టుప్రక్కల పరిశోధనాసంస్థలు అనేకం ఉండడంవలన ప్రయోగశాలలో జీవితం గడిపినవారికి ఇక్కడ కొదువ లేదు. ఆర్ట్స్ కళాశాల ఎదుట రెండు చుట్లు తిరిగి, మెట్లవద్ద కాసేపు కూర్చొని, ఇళ్లకు పోతాం. అదొక జాలం. రెండవ జాలం అదే మనుష్యులతో ఫోనులో ఏర్పడ్డ సమూహం. అందులో రెండువందలకు పైగా సభ్యులున్నారు.

రెండింటిలోనూ మనుష్యులు వారే. ప్రవర్తన మాత్రం వేరు. మెట్లమీద ఒకరు "వెల్లుల్లితో గుండెలో అడ్డంకి కరిగిపోతుందట" అంటే, ప్రక్కనున్న వైద్యుడు నవ్వి "ఎవరికి కరిగిందండీ, మీకా?" అంటాడు. అందరూ నవ్వుతారు, చెప్పినాయన కూడ. మాట అక్కడే సమాప్తం. అదే విషయం సమూహంలో 'ట'లేక, ఎఱ్ఱని అక్షరాలతో, మూడు ఆశ్చర్యార్థకాలతో వస్తుంది. అదే వైద్యుడు చూచి ఊరుకొంటాడు. ఎందుకు ఊరుకొన్నారని నేను ఆయనను అడిగాను. "రెండువందల మంది ముందు పెద్దాయనను పట్టుకొని 'ఎవరు చెప్పారు' అనడం బాగుంటుందా?" అన్నాడు. ముఖాముఖి పరిహాసంగా అడుగదగిన ప్రశ్న అక్షరరూపం దాల్చేసరికి అవమానమవుతుంది. కంఠస్వరం లేదు, చిరునవ్వు లేదు, భుజంమీద చెయ్యి లేదు. కనుక మనలోని సౌజన్యమే అసత్యానికి రక్షణకవచమైనది. దురాచారులవల్ల ఫోనులోని సంఘం చెడిపోతోందన్న వాదం నాకు అందుకే పూర్తిగా రుచించదు. అది చాలవరకు మర్యాదస్థుల మౌనంవల్ల చెడుతోంది.

మా నడకమిత్రులలో ఒకరు ఆమధ్య దివంగతులైనారు. వార్త సమూహంలో పడిన గంటలోపల నూటికి పైగా 'ఓం శాంతి'లు, ముకుళితహస్తాలు వచ్చాయి. మధ్యాహ్నం వారి ఇంటివద్ద మా వాళ్లం తొమ్మిదిమంది ఉన్నాం. వారిలో ఇద్దరికి అసలు స్మార్టుఫోనే లేదు. ప్రొద్దున పాలవాడు చెబితే వచ్చారు. పాడె పట్టినవారిలో వారొకరు. నూరుమంది కరుణ అసత్యమని నేను అనను. ముకుళితహస్తం నొక్కిన వ్రేలికి ఆ క్షణంలో దుఃఖం కలిగే ఉంటుంది. కాని ఆ నొక్కడంతోనే దుఃఖానికి ఒక నిష్కృతి దొరికింది, కాళ్లు కదలవలసిన అవసరం తీరిపోయింది.

రాబిన్ డన్బార్ అనే ఆంగ్లేయ మానవశాస్త్రజ్ఞుడు మనుష్యమస్తిష్కం సుమారు 150 మందితో మాత్రమే స్థిరమైన సంబంధాలను ధరించగలదని 1990ల నుండి ప్రతిపాదిస్తూ వచ్చాడు. అంతర్జాలం వచ్చాక ఈ సంఖ్య పెరిగిందా అని ఆయనే 2016లో పరీక్షించి చూచాడు. పెరగలేదు. ఫేస్‌బుక్ స్నేహితులు ఎందరున్నా, నిజమైన ఆపదలో ఆధారపడదగినవారు సగటున నలుగురే ఉన్నట్లు బ్రిటన్‌లో సర్వేలో పాల్గొన్నవారు చెప్పారు. ఇంగ్లండు పరిశోధకునికి లెక్కవేస్తే తేలిన నలుగురు మన పల్లెభాషలో ఎప్పటినుండో ఉన్నారు. "పోయేనాడు నలుగురుండాలి" అంటే అర్థం అదే. ఇటు వాట్సాప్ సమూహంలో సభ్యుల పరిమితి 256గా ఉండేది, 2022లో 1024 అయింది. పాత్ర పెద్దదైంది, అందులో పోయదగిన ఆప్తత్వం మాత్రం పూర్వప్రమాణంలోనే ఉన్నది.

దూరపు పరిచయాలు వ్యర్థమని దీని భావం కాదు. మార్క్ గ్రానొవెటర్ 1973లోనే బలహీనబంధాల బలాన్ని గూర్చి వ్రాశాడు. మన దగ్గరివారికి తెలిసినది సామాన్యంగా మనకూ తెలిసే ఉంటుంది. క్రొత్త సమాచారం ముఖపరిచయంవారి ద్వారానే వస్తుంది. ఈ సిద్ధాంతానికి ఉస్మానియా వసతిగృహాలకంటె మంచి నిదర్శనం ఉండదు. ఏ శాఖలో ఖాళీలున్నాయో, ఏ పుస్తకం చదవాలో, ఏ గది అద్దెకు దొరుకుతుందో అక్కడివారికి ఇలాంటి బంధాలవల్లనే తెలుస్తుంది. అయితే గ్రానొవెటర్ కాలంలో బలహీనబంధం బలహీనంగానే కనబడేది. "నాకు అంతగా తెలియనివాడు చెప్పాడు" అన్న ఎరుకతోనే మాటను స్వీకరించేవారు. ఇప్పుడు తెలియనివాని వాక్యం పినతండ్రి ముఖచిత్రం క్రింద వచ్చి చేరుతోంది. బలహీనబంధం బలమైన బంధపు వేషం కట్టింది.

ఈ వేషంవల్ల ప్రాణాలు పోయాయి. 2018 వేసవిలో దేశమంతటా పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతి వ్యాపించింది. ఆ మే నెలలో మన హైదరాబాదులోనే, చాంద్రాయణగుట్ట ప్రాంతంలో, భిక్షాటనకు వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను మూక కొట్టి చంపింది. ఆ రోజులలో విస్తృతంగా తిరిగిన దృశ్యఖండం ఒకటున్నది: మోటారుసైకిలుపై వచ్చిన ఇద్దరు వీథిలో ఆడుకొంటున్న బాలుణ్ణి ఎత్తుకుపోతారు. అది వాస్తవంగా పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రతను గూర్చి జనాన్ని మేల్కొలపడానికి తీసిన చిత్రం. చివర వారు బాలుణ్ణి తిరిగి దింపి, జాగ్రత్తను హెచ్చరించే ఫలకాన్ని చూపుతారు. ఎవరో ఆ చివరిభాగాన్ని కత్తిరించారు. గ్రంథతాత్పర్యాన్ని నిర్ణయించడానికి మీమాంసకులు చెప్పిన లింగాలలో మొదటిది ఉపక్రమోపసంహారాల ఐకరూప్యం. ఉపసంహారాన్ని ఖండిస్తే మిగిలినదానికి తాత్పర్యమే తలక్రిందులవుతుందని వారికి తెలుసు. కత్తిరించినవానికీ తెలిసే ఉంటుంది.

మా వీథికి అప్పట్లో నెలకొకసారి ఒకామె వచ్చేది. తలవెంట్రుకలు తీసుకొని స్టీలుగిన్నెలు ఇచ్చేది. భుజాన గోనెసంచి, నెత్తిన గిన్నెల గంప. ఆ జూన్‌లో ఆమె వచ్చిన రోజున ఎవరో మేడపై నుండి ఫోటో తీసి కాలనీ సమూహంలో పెట్టారు. "ఈమెను గమనించండి. సంచి చూడండి." అంతకుమించి వ్రాయలేదు. మరొకరు దానికి ఆ దృశ్యఖండాన్ని జోడించారు. ఇరవై నిమిషాలలో మూలమలుపు దగ్గర ఆమెను నలుగురైదుగురు యువకులు అడ్డగించారు. సంచి దింపమన్నారు, ఆధార్ చూపమన్నారు, ఏ ఊరని అడిగారు. ఆమె భయంతో తడబడితే ఆ తడబాటే హేతువైనది. తడబడితే దొంగ, తడబడకపోతే ఆరితేరిన దొంగ. ఇలాంటి హేతువును తార్కికులు హేత్వాభాస అంటారు; వీథిలో దానిని న్యాయమనుకొంటారు.

అప్పుడు క్రింది వాటాలో ఉండే ముసలమ్మ, డెబ్బై దాటినావిడ, చెంబుతో మంచినీళ్లు పట్టుకొని వచ్చింది. "పదేండ్ల సంది నా ఎంటికలు గీమెనే తీస్కపోతది. గీమె దొంగైతే నన్ను గూడ పట్టుండ్రి" అని ఆమె ప్రక్కన అరుగుమీద కూర్చొన్నది. కుర్రవాళ్లు కాసేపు నిలబడి, ఒకరి ముఖం ఒకరు చూచుకొని వెళ్లిపోయారు. నేను కిటికీనుండి చూచి క్రిందికి దిగేసరికి గోనెసంచిలోని వెంట్రుకలచుట్టలు రోడ్డుమీద పడి ఉన్నాయి. ఆ ఇద్దరు స్త్రీలూ వాటిని ఏరుతున్నారు.

ఆ ముసలమ్మలో వాత్స్యాయనుని లక్షణం అక్షరాలా ఉన్నది. పదేళ్లు చూచింది, చూచినదే చెప్పాలనుకొన్నది, వచ్చి చెప్పింది. ఆమె వాక్యంలో 'అంట' లేదు. ఉండవలసిన అవసరం లేదు. కాని ఆమెకు ఫోను లేదు. ఆమె వాక్యం సమూహంలోనికి ఎక్కలేదు. ఆ సాయంత్రం నేను జరిగినదంతా సమూహంలో వ్రాసి, ఫోటోను తొలగించమని కోరాను. ఇద్దరు బొటనవ్రేలి గుర్తు పెట్టారు. అప్పటికే ఆ ఫోటో ఎన్ని ఇతర సమూహాలకు పోయిందో ఎవరికీ తెలియదు. నాలుగురోజుల తరువాత మరొక పేటలోని బంధువు అదే ఫోటోను నాకే పంపి "మీవైపు తిరుగుతోంది, జాగ్రత్త" అన్నాడు. ఆ గిన్నెలామె మరల మా వీథికి రాలేదు.

ఇక్కడ కుమారిలభట్టును స్మరించక తప్పదు. జ్ఞానం స్వతఃప్రమాణమని మీమాంసకుల మతం. కలిగిన ప్రతి జ్ఞానాన్నీ మనస్సు మొదట సత్యంగానే గ్రహిస్తుంది. తరువాత రెండు కారణాలవల్లనే దాన్ని విడిచిపెడుతుంది. ఒకటి బాధకజ్ఞానం, అనగా దానికి విరుద్ధమైన జ్ఞానం కలగడం. రెండవది కారణదోషజ్ఞానం, అనగా ఆ జ్ఞానం పుట్టిన చోటులోనే దోషమున్నదని తెలియడం. నైయాయికులు దీనిని ఖండించారు. ప్రామాణ్యం పరతస్సు, పరీక్షించాకే నిశ్చయమన్నారు. జ్ఞానం ఎలా ఉండాలన్న ప్రశ్నలో నేను నైయాయికుల పక్షం. కాని మనుష్యుడు ఎలా ఉన్నాడన్న ప్రశ్నలో మీమాంసకుని మాటయే నిలుస్తున్నది. విన్నవెంటనే నమ్ముతాం, అడ్డు వచ్చేదాకా నమ్ముతూనే ఉంటాం. వీథిలో ఆ అడ్డు త్వరగా వస్తుంది. నమ్మినవారూ ఖండించేవారూ ఒకే అరుగుమీద కూర్చొంటారు గనుక. ఫోనులో వార్త పోయిన దారిన దాని బాధకం పోదు. వదంతిని వందమందికి పంపినవాడు ఖండనను ఎవరికీ పంపడు. కారణదోషం తెలుసుకోవాలంటే కారణమెవరో తెలియాలి గదా. అది ఐతిహ్యంలో మొదటే లేదు.

ఇది కేవలం నా ఊహ కాదు. వోసూఘి, రాయ్, అరాల్ అనే ముగ్గురు అమెరికాలో ట్విట్టరుపై 2006 నుండి 2017 వరకు వ్యాపించిన సుమారు 1,26,000 వార్తాపరంపరలను పరిశీలించి 2018 మార్చిలో సైన్స్ పత్రికలో ఫలితాలను ప్రకటించారు. సత్యం 1500 మందిని చేరడానికి అసత్యంకంటె సుమారు ఆరురెట్లు ఎక్కువ కాలం తీసుకొన్నది. యంత్రఖాతాలను తొలగించి చూచినా ఫలితం మారలేదు. అసత్యాన్ని పరుగెత్తించినవారు మనుష్యులే. దానిలోని నవ్యత వారిని ఆకర్షించింది.

అయినంతమాత్రాన ముఖాముఖి సంఘమంతా సత్యయుగమని పొరబడరాదు. ద్రోణపర్వాన్ని చూడండి. అశ్వత్థామ అనే ఏనుగును చంపి, అశ్వత్థామ చచ్చాడని భీముడు అరిచాడు. ద్రోణుడు నమ్మలేదు. తన కుమారుని పరాక్రమం తెలిసినవాడు గనుక ఇది అసంభవమనుకొన్నాడు. అప్పుడాయన ఏమి చేశాడు? వెనుకకు పోయి కుమారుణ్ణి వెదకలేదు. ధర్మరాజును అడిగాడు. త్రిలోకాధిపత్యం ఇచ్చినా అసత్యమాడడని నమ్మిన వ్యక్తిని అడిగాడు. ప్రమాణశాస్త్రదృష్ట్యా ఇంతకంటె శుద్ధమైన ఆప్తాన్వేషణ లేదు. కుట్ర సరిగ్గా అక్కడే పట్టింది. భీముని నోటిలో చెల్లని మాట ధర్మరాజు నోటిలో చెల్లింది. ఏనుగన్న పదం మాత్రం స్పష్టంగా వినబడలేదు. అంతవరకు నేలకు నాలుగంగుళాల పైన నడిచిన ఆయన రథం ఆ క్షణంలో నేలను తాకింది. తాను పుట్టించని మాటకు తన ముఖాన్ని ఎరువిచ్చినందుకు పడిన శిక్ష అది. ఏనుగు పేరుతో నిజమైన వాక్యమే కదా అని వాదించేవారు నేడూ ఉన్నారు. "నేను వ్రాయలేదు, వచ్చినది పంపానంతే" అన్నది వారి వాదమే.

మరొక దృష్టాంతం మన జ్ఞాపకంలోనిది. 1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు త్రాగుతున్నాడన్న వార్త ఒక్కపూటలో దేశమంతటా వ్యాపించింది. ఫోనులో అంతర్జాలం లేని కాలం. తంతిఫోనుల ద్వారా, నోటిమాట ద్వారా పాకింది. తలతన్యత, కేశనాళికాచర్య అని శాస్త్రజ్ఞులు అదే రోజులలో వివరించారు. ఆ వివరణ నాకు సమ్మతమే. ఆ రోజును తలచి నవ్వేవారు ఒక్క విషయం మరుస్తున్నారు. "పాలు త్రాగుతున్నాడట" అని విన్న జనం ఏమి చేశారు? చెంచా, గ్లాసు పట్టుకొని గుడికి పోయి, వరుసలో నిలబడి, తమ చేతితో పట్టి చూచారు. చూచినదానిని వ్యాఖ్యానించుకోవడంలో అభిప్రాయభేదం ఉండవచ్చు. కాని ఐతిహ్యం వారిని ప్రత్యక్షంవైపు నడిపించింది. 'అట'లో ఆ ప్రేరణ ఉన్నది: నేను చూడలేదు, నీవు పోయి చూడు. 2018నాటి సందేశం ఎవరినీ చూడమనలేదు. పంపమన్నది.

అదే 2018లో జోగులాంబ గద్వాల జిల్లాలో ఇందుకు విరుద్ధమైనది జరిగింది. అక్కడ పోలీసు సూపరింటెండెంటుగా ఉన్న రెమా రాజేశ్వరి పిల్లలదొంగల వదంతి వ్యాపిస్తున్నదని గ్రహించి, ఫోనులోని వదంతిని ఫోనులోనే ఖండించి ఊరుకోలేదు. ఊరికొక కానిస్టేబులును కేటాయించి, ఇంటింటికీ పంపి, గ్రామస్థులతో పరిచయం పెంచుకొమ్మన్నారు. డప్పులతో, జానపదగాయకులతో ఊరూరా చెప్పించారు. ఆ పోలీసులే ఊరి వాట్సాప్ సమూహాలలోనూ సభ్యులైనారు. ఆమె పరిధిలోని సుమారు నాలుగువందల గ్రామాలలో వదంతికి ఒక్క ప్రాణం కూడ పోలేదు. డప్పు చాటింపులో ఉన్న విశేషమేమిటంటే, అది ఎన్నడూ అనామకం కాదు. ఎవరి ఆజ్ఞమేరకు చెబుతున్నారో ముందే చెబుతారు; చెప్పేవాడు ఊరివాడు; తప్పైతే మరునాడు పట్టుకొని అడగవచ్చు. మూలవక్త తెలియని మాటకు మూలవక్త తెలిసిన మాటతో బదులిచ్చారన్నమాట. ఆ కానిస్టేబులు ముఖం తెలిసిన తరువాతనే అతడు సమూహంలో పెట్టిన ఖండనకు విలువ వచ్చింది. ముఖాముఖి జాలం ముందు, ఫోనుజాలం తరువాత. ఈ క్రమాన్ని తిప్పితే ఫలితం వచ్చేదని నేననుకోను.

ఆదివారాలు నలుగురైదుగురు విద్యార్థులతో కలసి ప్రాంగణంలో ఒక చెట్టుక్రింద తర్కసంగ్రహం చదువుతున్నాను. వారిలో ఒకరిద్దరు గ్రూప్-1 పరీక్షకు ఏళ్ల తరబడి కూర్చున్నవారు. వారిముందు వదంతులను తేలికగా తీసిపారేయడానికి నాకు నోరు రాదు. 2022 అక్టోబరు 16న వారు వ్రాసిన ప్రాథమికపరీక్ష ప్రశ్నపత్రాల లీకుతో 2023 మార్చిలో రద్దయింది. 2023 జూన్ 11న మరల వ్రాసినదీ ఉన్నతన్యాయస్థానం తీర్పుతో రద్దయింది. అధికారప్రకటనయే ఇన్నిసార్లు నీటిమూట అయినచోట "రద్దవుతదంట" అన్న మాటకు చెవి ఒగ్గడం అవివేకమెలా అవుతుంది? ఆప్తస్థానంలో ఉండవలసినవారు ఆప్తత్వం కోల్పోతే ఐతిహ్యం సింహాసనమెక్కుతుంది. నమ్మినవారిని మాత్రమే నిందించే ఉపన్యాసాలలో ఈ అంశం వినబడదు.

మొన్న శబ్దఖండం చదువుతుండగా నల్లగొండ జిల్లా నుండి వచ్చిన ఒక అమ్మాయి అడిగింది: "సార్, యంత్రం ఇప్పుడు ఎవరి గొంతైనా తీస్తుంది. మా అమ్మ గొంతుతోనే 'పైసలు పంపు' అని ఫోన్ వస్తే, అది ఆప్తవాక్యమా కాదా?" వెంటనే సమాధానం చెప్పలేదు, వారినే తేల్చమన్నాను. ఒకడు, గొంతు హేతువు, అమ్మ సాధ్యం అన్నాడు. గొంతున్నచోట అమ్మ ఉంటుందన్న వ్యాప్తి ఇన్నాళ్లూ నిలిచింది. ఇప్పుడు అమ్మ లేనిచోట కూడ గొంతు దొరుకుతోంది గనుక హేతువు సవ్యభిచారమైనదన్నాడు. బాగా పట్టాడు. మరొకడు, అయితే అమ్మకు మాత్రమే తెలిసిన విషయం అడగాలన్నాడు. మొదటివాడు దానికీ అడ్డు చెప్పాడు: ఆ విషయం ఫోనులో ఎన్నడైనా మాట్లాడి ఉంటే? చర్చ అరగంట సాగింది. నాకు తోచినది ఒకటే: గొంతును నమ్మాలా వద్దా అన్నది ప్రశ్న కాదు, ఆ పిలుపును పెట్టేసి మనకు తెలిసిన నంబరుకు మనమే తిరిగి పిలిస్తే సరిపోతుంది, వచ్చిన మాటను మోయక, మాటవద్దకు మనం పోవడం అది.

ఆ అమ్మాయి అప్పటికప్పుడు ఇంటికి ఫోను చేసింది. స్పీకరులో పెట్టింది. తిన్నవా అని అడిగి, బర్రె ఈనిందని చెప్పి, ఆ తల్లి "మీ మేనత్త కొడుక్కు సంబంధం కుదిరిందంట" అన్నది.

"ఎవరు చెప్పిండ్రమ్మా?"

"మీ చిన్నమ్మ చెప్పింది. నాకైతే ఇంక మీ మేనత్త చెప్పలే."